ఫిల్మ్‌నగర్‌లో ఎవరు చెప్పుకోగలరు?

2024 మే నెలలో మలయాళ నటుడు ఫహద్ ఫాజిల్ కేరళలోని కోతమంగళంలో పీస్ వ్యాలీ అనే సంస్థవాళ్ల పిల్లల గ్రామం ప్రారంభానికి వెళ్లాడు. చిన్నప్పుడే గుర్తిస్తే దృష్టినీ కుదురునూ దెబ్బతీసే ఏడీహెచ్‌డీని అదుపులో పెట్టవచ్చు, మరి నలభై ఒకటో ఏట గుర్తిస్తే ఏం చేయాలని అక్కడి వైద్యుణ్ణి అడిగానని, తనకూ ఆ స్థితి ఉన్నట్టు నిర్ధారణ అయిందని సభలో చెప్పాడు. అప్పటికే మనవాళ్లకు అతను ‘పుష్ప’లో భన్వర్‌సింగ్ షెకావత్. ఆ డిసెంబరులో ‘పుష్ప 2’ వచ్చింది. అందరూ షెకావత్ పాత్ర గురించి మాట్లాడుకున్నారు తప్ప, ఇలాంటి మనిషికి ఇంత పెద్ద పాత్ర ఎలా ఇచ్చారని ఎవరూ గొడవ పెట్టలేదు.

అదే ఏడాది అక్టోబరులో ‘ఆర్ఆర్ఆర్’ సీత ఆలియా భట్ ఒక హిందీ ఇంటర్వ్యూలో, పరీక్ష చేయించుకుంటే ఏడీహెచ్‌డీ లక్షణాలు గట్టిగానే ఉన్నట్టు తేలిందని చెప్పింది. స్కూలు స్నేహితులకు చెబితే, మాకు ఎప్పుడో తెలుసు అన్నారట. కెమెరా ముందు, కూతురి దగ్గర మాత్రమే తన మనసు ఒకచోట నిలుస్తుందని కూడా అంది. అంతకుముందు మరో ఇంటర్వ్యూలో, పెళ్లిరోజు మేకప్‌కి రెండు గంటలు కావాలని మేకప్ ఆర్టిస్టు అడిగితే అంతసేపు కూర్చోలేనని చెప్పేశానంది. ఈ వ్యాసానికి ఆ చిన్న సంగతే కీలకం అనుకుంటున్నాను. మేకప్ కుర్చీలో రెండు గంటలు కూర్చోలేనని ఆలియా అంటే ముచ్చటైన కబురు అవుతుంది. తెల్లవారుజామున మూడున్నరకి కృష్ణానగర్‌లో కంపెనీ బస్సెక్కిన జూనియర్ ఆర్టిస్టు అంటే, ఆ అమ్మాయికి మర్నాడు ఫోన్ రాదు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ కలిసి ఉన్నాయని పెద్దయ్యాక తెలుసుకున్నవాళ్ల బతుకు గురించి ఈ మధ్య ప్రపంచమంతటా చాలా రాస్తున్నారు. ఆంథొనీ హాప్‌కిన్స్ తనకు ఆటిజంలో ఒక రకమైన ఆస్పర్జర్స్ ఉందని 2017లో చెప్పాడు, అప్పటికి ఆయనకు డెబ్భై తొమ్మిది. ‘ప్రిజన్ బ్రేక్’ నటుడు వెంట్‌వర్త్ మిల్లర్ 2021లో చెప్పాడు. ఆస్ట్రేలియా హాస్యనటి హన్నా గాడ్స్‌బీకి రెండూ ఉన్నాయి. అన్నిటికంటే ఆసక్తికరమైనది బెల్లా రామ్సే సంగతి. ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ షూటింగులో యూనిట్‌లోని ఒక మనిషి, ఆటిజం ఉన్న కూతుర్ని పెంచుతున్న అనుభవంతో, బెల్లాని చూసి నీకూ ఉందేమో అనుకున్నారు. పరీక్ష చేయించుకుంటే నిజమే అని తేలింది. అంటే సెట్ అనేది ఇలాంటివి కనిపెట్టగల చోటే. మన సెట్లలోనూ గమనించే కళ్లకు కొదవ లేదు. గమనించాక ఏమంటారన్నదే ప్రశ్న. ‘వాడో తిక్కలోడు’, ‘ఆవిడకి పొగరు’, ‘ఎర్రగడ్డ కేసు’. మానసిక చికిత్సాలయం ఉన్న ఆ ఎర్రగడ్డ ఫిల్మ్‌నగర్‌కి మరీ దూరమేమీ కాదు. మన కామెడీ ట్రాకులు ఆ పేరు మీద దశాబ్దాలు బతికాయి.

ఇంత ఆలస్యంగా ఎందుకు తెలుస్తోంది? కారణంలో సగం వైద్య పుస్తకాల్లోనే ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం ప్రామాణిక గ్రంథం డీఎస్‌ఎం నాలుగో కూర్పు 1994లో వచ్చింది. దాని ప్రకారం ఆటిజం ఉన్న మనిషికి ఏడీహెచ్‌డీ అని అదనంగా రాయకూడదు. 2013లో అయిదో కూర్పు వచ్చాకే రెండూ కలిపి రాయడానికి వీలైంది. ఏడీహెచ్‌డీ లక్షణాలు ఏడేళ్లలోపు కనబడాలన్న నియమాన్ని పన్నెండేళ్లకు పెంచింది కూడా అప్పుడే. కాబట్టి 1985 ప్రాంతంలో పుట్టి, సర్కారు బడిలోనో కార్పొరేట్ రెసిడెన్షియల్‌లోనో చదివి, ఇప్పుడు కో-డైరెక్టర్‌గానో ఎడిటర్‌గానో పనిచేస్తున్న మనిషికి బాల్యంలో ఈ జంట పేరు పెట్టడానికి ఆ గ్రంథం ఏ డాక్టరుకూ వీలివ్వలేదు. మన దగ్గర అప్పట్లో ఆటిజం అంటేనే మాట రాని పిల్లవాడు. ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకున్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? ‘తెలివైనవాడే, శ్రద్ధ లేదు’ అని ప్రోగ్రెస్ కార్డులో రాసి ఊరుకున్నారు.

2018లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం దేశంలో అయిదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని పరిశీలించింది. ఆ అయిదింటిలో హైదరాబాద్ ఒకటి. చూపు, వినికిడి లోపాలు, మూర్ఛ, ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటివన్నీ కలిపి చూస్తే ఎనిమిదిమంది పిల్లల్లో సుమారు ఒకరికి ఏదో ఒక ఎదుగుదల ఇబ్బంది ఉందని తేలింది. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ నూటికి రెండు మూడు మందికి ఉండవచ్చని అంతర్జాతీయ అంచనాలు. ఇరవై నాలుగు క్రాఫ్టుల పరిశ్రమకు ఈ లెక్క వేసుకుంటే చిన్న గుంపేమీ కాదు.

చాలామందికి అసలు సంగతి తెలిసేది పిల్లల ద్వారా. బాబుకి మాటలు ఆలస్యమయ్యాయనో, క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదనో జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఏదో థెరపీ సెంటర్‌కి తీసుకెళతారు. అక్కడ ఇచ్చిన ప్రశ్నల కాగితం నింపుతూ తండ్రి ఆగిపోతాడు. ఇవన్నీ తన గురించే అడుగుతున్నట్టు ఉంటాయి. తర్వాత తన పరీక్షకు వెళితే డాక్టరు అమ్మనో అక్కనో వెంట తెమ్మంటారు, చిన్నప్పటి సంగతులు చెప్పేవాళ్లు కావాలి గనక. ‘వాడికేం జబ్బు, బంగారంలాంటి పిల్లాడు, కాస్త మొండి అంతే’ అని ఆ తల్లి చెప్పే మాటలోనే డాక్టరుకు కావలసినదంతా దొరకవచ్చు.

రెండూ కలిసి ఉండటం అంటే ఏమిటో పైనుంచి చూస్తే అర్థం కాదు. ఆటిజం ఉన్న మనసు రోజూ ఒకేలా ఉండాలంటుంది, ముందే చెప్పమంటుంది, మారిస్తే కుదేలవుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న మనసు కొత్తది కావాలంటుంది, ఒకేలా ఉంటే చచ్చిపోతున్నట్టు ఉంటుందంటుంది. ఒకే మనిషిలో రెండూ ఉంటే, టైమ్‌టేబుల్ తనే రాసుకుని తనే చించేస్తాడు. ఒక లక్షణం రెండోదాన్ని కప్పేస్తుంది కూడా: తన గడబిడని తనే లిస్టులు రాసుకుని దాచుకున్న మనిషికి ఏడీహెచ్‌డీ ఉందంటే ఎవరూ నమ్మరు. గలగలా మాట్లాడే మనిషికి ఆటిజం ఉందంటే అసలే నమ్మరు.

ఇలాంటి మనిషికి సినిమా పనికంటే తగిన పని లేదనిపిస్తుంది, అదే సమయంలో అంతకంటే గడ్డు పనీ లేదనిపిస్తుంది. ప్రతి ఆరు నెలలకీ కొత్త కథ, కొత్త ఊరు. ఎడిట్ సూట్‌లో తలుపు వేసుకుని పద్నాలుగు గంటలు ఒకే రీలు మీద కూర్చోగలవాణ్ణి పరిశ్రమ నెత్తిన పెట్టుకుంటుంది. కంటిన్యుటీలో హీరో చొక్కా గుండీ ఒకటి తేడా ఉందని పట్టేసే అసిస్టెంటుకి మంచి పేరొస్తుంది. సౌండ్, వీఎఫ్ఎక్స్, కలరింగ్ శాఖల్లో ఇలాంటివాళ్లు ఎక్కువమంది ఉన్నారని నా అనుమానం. లెక్క తీసినవాళ్లు లేరు, అనుమానమే.

కానీ అక్కడిదాకా చేరేది ఎలా? ఫిల్మ్‌నగర్‌లో ఉద్యోగానికి దరఖాస్తు ఫారం ఉండదు. ఆఫీసుకి వచ్చి కనబడుతూ ఉండాలి, టచ్‌లో ఉండాలి. ఎవరికి ముందు నమస్కారం పెట్టాలో, ఎవరి ఎదుట కూర్చోకూడదో, ఎవరి ఫోన్ మొదటి రింగుకే ఎత్తాలో ఎక్కడా రాసి ఉండదు. కథా సిట్టింగులో డైరెక్టరుగారు ‘ఎలా ఉంది, ఓపెన్‌గా చెప్పు’ అంటే ఓపెన్‌గా చెప్పకూడదని తెలియాలి. ఆటిజం ఉన్నవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాడు. సెకండాఫ్ నిలబడటం లేదు సార్ అంటాడు. అతను చెప్పింది నిజమేనని విడుదల రోజు మ్యాట్నీకి అందరికీ తెలుస్తుంది, కానీ అప్పటికి అతను ఆ ఆఫీసులో ఉండడు. బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట అన్నాడు: ఆటిజం ఉన్నవాళ్లకు ఇతరుల మనసు అర్థం కాదంటారు గానీ, ఆ ఇతరులకు ఆటిజం ఉన్నవాళ్ల మనసు అంతే అర్థం కాదు, లోటు రెండు వైపులా ఉందని. ఫిల్మ్‌నగర్ సిట్టింగుల్ని చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఈ లోటు పూడ్చుకోవడానికి మనిషి నటన మొదలుపెడతాడు. ఎదుటివాళ్ల కళ్లలోకి ఎన్ని సెకన్లు చూడాలో లెక్కపెట్టుకుంటాడు, జోకుకి అందరితో పాటు నవ్వుతాడు, జనరేటరు మోతకి తల పగిలిపోతున్నా పర్లేదన్నా అంటాడు. పరిశోధకులు దీన్ని మాస్కింగ్ అంటున్నారు. తెరమీద నటనకు కాల్షీటు ఉంటుంది, ప్యాకప్ ఉంటుంది. దీనికి రెండూ లేవు. ఇంగ్లండులో పెద్దయ్యాక ఆస్పర్జర్స్ నిర్ధారణ అయిన 374 మందిని అడిగి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 66 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. తెలుసుకోవడం, చెప్పుకోవడం అనేవి విలాసాలని, పాశ్చాత్య ఫ్యాషన్లని కొట్టిపారేసేవాళ్లు ఆ అంకె ఒకసారి చూడాలి.

మరి మన తెర ఇలాంటి మనుషుల్ని ఎలా చూపించింది? చిత్రమేమిటంటే, మన ప్రేక్షకులు ఈ లక్షణాల్ని ప్రేమించారు. 1986లో కె.విశ్వనాథ్ తీసిన ‘స్వాతిముత్యం’లో కమల్‌హాసన్ శివయ్యని ఇవాళ చాలామంది ఆటిజం ఉన్న మనిషిగా చదువుతున్నారు. ఆ సినిమాని మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపారు. 2006 ‘బొమ్మరిల్లు’లో హాసిని నోటికి అడ్డూ అదుపూ ఉండదు, తోచింది చేసేస్తుంది, రాష్ట్రం మొత్తం ఆ పిల్లని కోడలిగా కోరుకుంది. 2015లో మారుతి ‘భలే భలే మగాడివోయ్’లో నాని పాత్రకి ఒక పనిలో ఉండగా ఇంకోటి కనబడితే మొదటిది మాయమైపోతుంది, థియేటర్లు నవ్వాయి. పాత్రలకు రోగ నిర్ధారణ చేయడం విమర్శకుల పని కాదు, నేనూ చేయను. చూడవలసింది వాటి మూస. పెద్దవాడిలో ఆటిజంలాంటిది కనబడితే మన కథకులు అతన్ని పసివాడిగా మారుస్తారు, దేవుడిలాంటి అమాయకుడిగా. ఏడీహెచ్‌డీలాంటిది ఆడపిల్లలో కనబడితే ముద్దొచ్చే అల్లరి, మగవాడిలో కనబడితే మతిమరుపు కామెడీ. ఈఎంఐ కట్టడం మర్చిపోయి జరిమానా కట్టేవాడు, పార్టీ మధ్యలో బాత్‌రూమ్‌లో తలుపేసుకుని చెవులు మూసుకునే నలభయ్యేళ్ల ఆవిడ మన కథల్లో లేరు. శివయ్య గొప్ప పాత్రే, కానీ ఒక పెద్దమనిషి తనకు ఆటిజం ఉందని చెప్పగానే ఎదుటివాళ్లు శివయ్యని ఊహించుకోవడం ఆ మనిషికి శిక్ష.

2024 జులై 8న సుప్రీంకోర్టు ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ సినిమా కేసులో దీని గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, కించపరిచే హాస్యం వేరని, మూస పాత్రలు మానమని, ఆ జీవితం తెలిసినవాళ్లని రచనలో కలుపుకోమని చెప్పింది. ఆ తీర్పును మన రచయితల సంఘం తెలుగులో అచ్చువేసి పంచితే బాగుండును. కొత్త పాత్రలు పుట్టేది కోర్టు మందలింపులోంచి కాదు గానీ, ఆ జీవితం గడుపుతున్న రచయిత పక్క కుర్చీలో ఉంటే పుడతాయి.

చట్టం దగ్గరికి వస్తే ఇంకో తిరకాసు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. రెండూ ఉన్న మనిషి సగం మాత్రమే చట్టానికి కనబడతాడన్నమాట. ఆ సగానికి ధ్రువపత్రం ఇవ్వడానికి వాడే ఆటిజం కొలమానం తయారైంది మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనే, ఇప్పుడు నీపిడ్ అని పిలుస్తున్న జాతీయ సంస్థలో. అందులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేనట్టే. పిల్లలకు పనికొచ్చే సాధనమే. కానీ ముప్పయ్యేళ్లుగా కళ్లలోకి చూడటం ప్రాక్టీసు చేసిన మనిషి ఆ గదిలో కూడా అలవాటుగా కళ్లలోకి చూస్తాడు, మార్కులు తగ్గుతాయి, పత్రం రాదు. ఎంత బాగా దాచుకుంటే అంత ఆరోగ్యవంతుడని రాసిస్తారు.

పత్రం వచ్చినా ఎవరికి చూపించాలి? అదే చట్టం 21వ సెక్షన్ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంటుంది. సినిమా అనేది ఒక సంస్థా? బ్యానర్ ఉంటుంది, ఆ కథకి ఏడాదిపాటు ఒక ఆఫీసు అద్దెకు తీసుకుంటారు, విడుదలయ్యాక ఖాళీ చేస్తారు. అసిస్టెంట్ డైరెక్టరు చేతిలో తరచూ కాగితం ముక్క కూడా ఉండదు. సినీ కార్మికులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే కేంద్రం చట్టం చేసింది. ఫిల్మ్‌నగర్‌లో నోటిమాట చట్టం దానికంటే పాతది, గట్టిది.

మందుల సంగతి క్లుప్తంగా. ఆటిజానికి మందు లేదు, అవసరమూ లేదు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి మందుల దుకాణం రెండేళ్లు దాచాలి, ఆ లైసెన్సు అన్ని దుకాణాలకూ ఉండదు. అటోమోక్సిటిన్ వంటి వేరే రకం మందులూ ఉన్నాయి. ఫిల్మ్‌నగర్‌లో దీనికి ఇంకో భయం తోడు. 2017లో ఎక్సైజ్ శాఖ సిట్ డ్రగ్స్ కేసులో పలువురు సినిమావాళ్లను పిలిచి విచారించింది, టీవీ వ్యాన్లు రోజులతరబడి ఆ ఆఫీసు దగ్గరే కాచుకున్నాయి. ఆ జ్ఞాపకం ఉన్న చోట, డాక్టరు రాసిన మాత్రే అయినా బ్యాగులో ఆ డబ్బా పెట్టుకుని సెట్‌కి వెళ్లడానికి ఎవరైనా జంకుతారు.

ఇక అనుమానపక్షం. ఇన్‌స్టాగ్రామ్‌లో అయిదు రీల్స్ చూసి నాకూ ఏడీహెచ్‌డీ ఉందనేవాళ్లు పెరిగారన్నది నిజం. నైట్ షూట్లతో నెలల తరబడి నిద్ర లేని మనిషికి దృష్టి నిలవదు, చిరాకు వస్తుంది, మతిమరుపు వస్తుంది. థైరాయిడ్, ఆందోళన, మద్యం కూడా ఇవే లక్షణాలు తెచ్చిపెడతాయి. అందుకే నిర్ధారణకు నియమాలున్నాయి: చిన్నప్పటి నుంచి ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ ఉండాలి, బతుకును దెబ్బతీసేంత ఉండాలి. సినిమావాళ్లయితే డాక్టరు దగ్గరికి పోయేముందు రెండు వారాలు సరిగా నిద్రపోయి వెళ్లడం మంచిది. అయినా ‘అందరికీ కొంచెం కొంచెం ఉంటుందిలే’ అనే మాటని మాత్రం ఒప్పుకోలేను. అది సానుభూతిలా మొదలై నోరు మూయించడంలో ముగుస్తుంది.

ఈ నేపథ్యంలో అందరికీ చెప్పేయండి, దాచుకోవద్దు అని నేను ఎవరికీ సలహా ఇవ్వను. చెప్పిన తారలకు దండం పెట్టవచ్చు. వాళ్ల వల్ల ఎన్నో ఇళ్లలో ఆ పేరు మొదటిసారి వినబడింది. కానీ హిట్టు ఉన్నవాడి తేడా ప్రత్యేకత అవుతుంది, లేనివాడి తేడా లోపం అవుతుంది. ఎనిమిది గంటల పని అడగవచ్చా లేదా అని 2025లో ఒక అగ్ర నటి చుట్టూ జరిగిన రచ్చ గుర్తుంది కదా. అంత పేరున్న మనిషి పనిగంటల గురించి మాట్లాడితేనే అంత దుమారం లేచినప్పుడు, రెండో అసిస్టెంటు తన మెదడు గురించి మాట్లాడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. కాబట్టి పెద్దయ్యాక తెలుసుకున్నవాళ్లు ముందు ఇంట్లో చెప్పండి, తర్వాత పనిలో నమ్మకమైన ఒక్కరికి. పేరు చెప్పకుండా అవసరం చెప్పడం కూడా చెప్పుకోవడమే: ‘అన్నా, రేపటి మార్పులు వాట్సాప్‌లో పెట్టు, నోటితో చెబితే నాకు నిలవవు’ అంటే చాలు. దాన్ని జబ్బు అని ఎవరూ అనరు.

అయితే భారం మొత్తం ఆ మనిషి మీదే వేసి ఊరుకోకూడదు. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ వేతనాల కోసం రెండు వారాలకు పైగా షూటింగులు ఆపింది, నిర్మాతలతో కూర్చుని పెంపు సాధించింది. అడిగితే, కలిసి అడిగితే, రాయించుకోవచ్చని అందులో తేలింది. వచ్చేసారి కూర్చున్నప్పుడు మరో నాలుగు వాక్యాలు చేర్చమని ఫెడరేషన్‌నీ, ఫిల్మ్ ఛాంబర్‌నీ కోరుతున్నాను. కాల్షీటు మార్పు రాతలో పంపాలి. పని అప్పగింపు కూడా రాతలో ఉండాలి. డైలాగుకి అడ్డురానంతవరకూ సెట్‌లో ఎవరైనా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవచ్చు, షాట్ల మధ్య నిశ్శబ్దంగా కూర్చునే ఒక మూల ఉండాలి. వీటిని అడగడానికి డాక్టరు చీటీ చూపించనక్కర్లేదు. నిర్మాతకు వీటివల్ల పెరిగే ఖర్చు దాదాపు సున్నా.